కొన్న ప్రాజెక్టుకు మార్కులేస్తారు, చేసిన పనికి సర్టిఫికెట్ అడుగుతారు: మన ఇంజనీరింగ్ కాలేజీలకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, సీఎస్ఈ హెచ్‌ఓడీలకు,

నమస్కారం. నేను సీఎస్ఈ ఫైనలియర్. మాది కావలి. మా కాలేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్క కాలేజీ గొడవైతే రాసేదాన్నే, కానీ ఒంగోలులో చదివే మా పిన్ని కొడుకు చెప్పేదీ ఇదే, గూడూరు నుంచి రోజూ బస్సులో కాలేజీకి పోయే నా ఇంటర్ ఫ్రెండ్ చెప్పేదీ ఇదే. (ఇంకో కారణం, చివరి సెమిస్టర్ హాల్ టికెట్ ఇంకా నా చేతికి రాలేదు.)

పోయిన ఆగస్టులో మేం పదకొండు మందిమి సంతకాలు పెట్టి మా హెచ్‌ఓడీ గారికి అర్జీ ఇచ్చాం. అక్టోబరులో అదే అర్జీ ప్రిన్సిపాల్ గారికి. డిసెంబరులో కరస్పాండెంట్ గారి ఆఫీసులో ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకుని మరీ ఇచ్చాం. స్టాంపు పడిన జిరాక్స్ కాపీ నా ఫైల్లో ఉంది, జవాబు మాత్రం రాలేదు. వెళ్లి అడిగితే "చూద్దాం లేమ్మా, ముందు బ్యాక్‌లాగులు లేకుండా చూసుకోండి" అన్నారు. నాకు బ్యాక్‌లాగులు లేవు సార్.

మేం అడిగింది పెద్ద కోరికేం కాదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో మేం చేసిన పనిని మినీ ప్రాజెక్టుగానో ఇంటర్న్‌షిప్‌గానో లెక్కలోకి తీసుకోండి, ఆ పని ల్యాబులో చేసుకోనివ్వండి. అంతే.

ఇది తల్లిదండ్రులు కూడా చదువుతారని ఆశ, అందుకని వాళ్ల కోసం నాలుగు మాటలు. ఓపెన్ సోర్స్ అంటే లోపలి కోడు అందరికీ కనపడేలా పెట్టిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, లైసెన్సు షరతులకు లోబడి మార్చి మళ్లీ పంచుకోవచ్చు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉండే లినక్స్ అలాంటిదే, మీరు సినిమాలు చూసే వీఎల్‌సీ అలాంటిదే. అందులో తప్పు కనపడితే చెప్పడం, చేతనైతే దిద్దడం, వాడే పద్ధతి రాసిపెట్టడం, తెలుగులోకి మార్చడం, వీటన్నిటినీ కాంట్రిబ్యూషన్ అంటారు. ఫీజు లేదు, ఏ కాలేజీ అని అడగరు, రికమండేషన్ పనిచేయదు. లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌కు 1991లో 21 ఏళ్లు, హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. ఆయన్ని మా వైవా బోర్డు ముందు కూర్చోబెడితే బేస్ పేపర్ (ప్రాజెక్టుకు ఆధారంగా చూపించాల్సిన పరిశోధన వ్యాసం) ఏదీ అని అడిగుండేవాళ్లు.

ఇక నా సంగతి చెప్తా, ఎందుకంటే "మీ పిల్లలకు అంత సీన్ లేదమ్మా, అవి ఐఐటీ వాళ్లు చేసే పనులు" అన్న మాట స్టాఫ్ రూములో నా చెవిన పడింది.

మా నాన్న కావలిలో ఎరువుల కొట్టులో గుమస్తా. ఎవరికి ఏం అప్పిచ్చారో ఫోన్లో ఒక నోట్స్ యాప్‌లో తెలుగులో రాసుకుంటారు. ఆ యాప్ ఓపెన్ సోర్స్ అని ఆయనకు తెలీదు, అప్పటికి నాకూ తెలీదు. ఒకరోజు "ఇదివరకు రాసిన పొటాష్ లెక్క కనపడ్లేదే, ఫోన్ పాడైందేమో చూడమ్మాయ్" అన్నారు. వెతికితే మూడే వచ్చాయి, కిందికి జరుపుకుంటూ పోతే తొమ్మిది ఉన్నాయి. రెండు రోజులు పట్టింది నాకు అర్థం కావడానికి. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కంటికి కనపడని ఒక అక్షరం చేరుస్తాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. మా నాన్న పాత ఫోన్లో రాసిన పొటాష్‌లో అది లేదు, కొత్త ఫోన్లో రాసిన పొటాష్‌లో ఉంది. చూడ్డానికి రెండు పొటాష్‌లూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం వేర్వేరు మాటలు.

యాప్ తాలూకు కోడు పేజీకి వెళ్లాను. కొత్తవాళ్ల కోసం "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అని లేబుల్ తగిలించిన పనులు కొన్ని ఉన్నాయి, నా సమస్య అందులో లేదు. ఇదివరకే ఎవరైనా చెప్పారేమోనని పాతవన్నీ వెతికాను, చెప్పలేదు. ఎలా పాల్గొనాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు రెండుసార్లు చదివి, నాకొచ్చిన ఇంగ్లీషులో ఇష్యూ (ఫలానా చోట తప్పుందని చెప్పే ఫిర్యాదు) రాసి, రెండు స్క్రీన్‌షాట్లు పెట్టాను. తొమ్మిది రోజులు ఎవరూ పలకలేదు. ఆ తొమ్మిది రోజుల టెన్షన్ ఎంసెట్ రిజల్ట్స్‌కి కూడా లేదు. తప్పుగా రాశానా, నవ్వుకుంటున్నారా, తీసేద్దామా అని రోజుకు పదిసార్లు చూసేదాన్ని. అసలు సంగతేంటంటే ఆ యాప్ చూసుకునే మనిషికి పగలంతా వేరే ఉద్యోగం ఉంది, ఇది రాత్రిళ్లు ఊరికే చేస్తాడు. పదో రోజు రెండు లైన్ల జవాబు వచ్చింది: బాగా పట్టుకున్నావు, దీనికి ఒక టెస్ట్ (దిద్దింది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే చిన్న కోడు) రాయగలవా అని.

టెస్ట్ అంటే ఏంటో నాకు తెలుసు సార్. బ్లాక్ బాక్స్ టెస్టింగ్, వైట్ బాక్స్ టెస్టింగ్, తేడాలు రాయుము, పది మార్కులు. పరీక్షలో బొమ్మతో సహా రాశాను. కానీ ఒక్క టెస్ట్ అయినా నా చేత్తో రాసి నడిపింది లేదు. ఆ వారం యాప్‌లో ముందే ఉన్న టెస్టులు చూసి చూసి నేర్చుకున్నాను. చివరికి దిద్దింది ఆరు లైన్లు, దానికి రాసిన టెస్ట్ ఇరవై రెండు లైన్లు. పుల్ రిక్వెస్ట్ (నా మార్పును మీ కోడులో కలుపుకోండి అనే అర్జీ) పెడితే మూడుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి పేర్లు బాగాలేవని. రెండోసారి అసలైన తప్పు పట్టుకున్నారు: నేను ఆ కనపడని అక్షరాన్ని దాచిన నోట్సులోంచే తీసేస్తున్నాను. పర్షియన్ రాసేవాళ్లకు ఆ అక్షరం లేకపోతే మాటల రూపమే చెడిపోతుంది, మనుషులు రాసుకున్నది ముట్టుకోకు, పోల్చేటప్పుడు మాత్రం పక్కన పెట్టు అన్నారు. ఈ ఒక్క మాట విలువ నాకు మూడేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసుల్లో దొరకలేదు. ఇరవై ఆరో రోజున మెర్జ్ అయింది, అంటే అసలు కోడులో కలిసింది. తర్వాతి అప్‌డేట్ వచ్చిన రోజు నాన్న కొట్టులోంచి ఫోన్ చేసి "తొమ్మిదీ వచ్చినయ్ మ్మాయ్" అన్నారు.

ఇది మినీ ప్రాజెక్టుగా తీసుకోమని అడిగితే వచ్చిన ప్రశ్నలు మూడు. బేస్ పేపర్ ఏదీ? గైడ్ ఎవరు? సర్టిఫికెట్ ఏదీ? అదే వారం మా క్లాసులో క్రెడిట్ కార్డ్ ఫ్రాడ్ డిటెక్షన్ అనే ప్రాజెక్టు మూడు బ్యాచ్‌లు సబ్మిట్ చేశాయి, మూడింటిలో పదహారో పేజీలో ఒకే అక్షరదోషం. హార్డ్ బైండింగ్ మీద బంగారు అక్షరాలు మాత్రం మెరిసిపోతున్నాయి. ఆ బ్యాచ్‌ల వాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లకు వేరే దారి ఎవరూ చూపించలేదు.

ఇప్పుడు అసలు విషయం, వరసగా.

1. ఖర్చు ఎవరు పెడుతున్నారో చూడండి. ప్రాజెక్టు సెంటర్లలో కోడు, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవా ప్రశ్నలు అన్నీ కలిపి ప్యాకేజీ. మా క్లాసులో బ్యాచ్‌కి 12 వేల నుంచి 20 వేల దాకా అయింది. అది అయ్యాక కోర్సు. రాత్రికి సింహపురి ఎక్కి తెల్లారి సికింద్రాబాద్‌లో దిగి, అమీర్‌పేట హాస్టల్లో ఆరు నెలలు. మా సీనియర్ ఒకరిది పొదిలి దగ్గర పల్లెటూరు, వాళ్ల నాన్న వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు అమ్మిన డబ్బులోంచి ప్రాజెక్టుకు, కోర్సుకు, హాస్టలుకు పంపించాడు. ఇంటర్వ్యూలో గిట్‌హబ్ లింకు, అంటే రాసిన కోడు పెట్టుకునే సైట్లో తన పేజీ, అడిగారట. అందులో ఉన్నది ఒక్కటే, సెకండియర్ వర్క్‌షాపులో అందరి చేతా చేయించిన హలో వరల్డ్. కొన్న ప్రాజెక్టు పేరు చెప్తే రెండో ప్రశ్నకే దొరికిపోయాడు. నాలుగేళ్లలో ఒక నిజమైన పని, ఎంత చిన్నదైనా, చేయించి ఉంటే ఆ తండ్రి డబ్బు కొంతైనా మిగిలేది కదా.

2. ల్యాబు. మా ల్యాబులో గిట్ (కోడులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుంచుకునే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అది తెలిసిన ల్యాబ్ అసిస్టెంట్ గారు మధ్యాహ్నం ఉండరు. నెట్టులో 22వ పోర్టు మూసేశారు, దాంతో కోడు పంపే దారుల్లో ఒకటైన ఎస్ఎస్‌హెచ్ పోయింది. మామూలు వెబ్‌సైట్లు తెరుచుకునే 443వ పోర్టు మీదుగా పోదామంటే ఫైర్‌వాల్‌లో కోడు దాచుకునే సైట్లన్నీ ఫైల్ షేరింగ్ కింద పడ్డాయి. సినిమాలు దించకుండా పెట్టిన తాళం మా పనికి పడింది. సినిమాలు ఎలాగూ ఫోన్లో చూస్తున్నారు. నేను మాత్రం రోజుకు 1.5 జీబీ డేటాతో హాట్‌స్పాట్ పెట్టుకుని, ప్రాజెక్టు చరిత్ర మొత్తం కాకుండా చివరి కాపీ ఒక్కటే దించుకునే షాలో క్లోన్ నేర్చుకుని బతికాను. లాప్‌టాప్ లేనివాళ్లకు ఆ దారి కూడా లేదు. ల్యాబ్ మాన్యువల్ సంగతి చెప్తే నవ్వొస్తుంది. గిట్‌హబ్‌లోకి కోడు పంపేటప్పుడు పాస్‌వర్డ్ కొట్టమని ఉంది. 2021 ఆగస్టు 13 నుంచి అక్కడ పాస్‌వర్డ్ చెల్లదు, టోకెన్ గానీ కీ గానీ ఉండాలి. మా జూనియర్లు ఎర్రర్ చూసి తమ అకౌంటే బ్లాక్ అయిందనుకున్నారు. ఆ ఒక్క పేజీతో ఎంతమంది మొదటిరోజే "ఇది మనకు రాదులే" అని లేచిపోయారో. కాబట్టి అడుగుతున్నాం: ఒక ల్యాబులో సగం సిస్టమ్‌లకు లినక్స్ వేయండి (కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు దాంతోనే నేర్చుకుంటున్నారు, మేం బీటెక్), ఆ సైట్లను ఫైల్ షేరింగ్ లిస్టులోంచి తీయండి, మాన్యువల్‌లో ఆ పేజీ మార్చండి. మూడోది చేయడానికి కమిటీ అక్కర్లేదు.

3. గైడ్ ఎవరు అన్న ప్రశ్నకు జవాబు. పుల్ రిక్వెస్ట్ పేజీలో ఎవరు రాశారు, ఏ తేదీన, ఏ లైను మార్చారు, ఎవరు చూసి ఏం తప్పు చెప్పారు, ఎలా దిద్దారు, అన్నీ ఉంటాయి. ఏ కొన్న రిపోర్టులోనైనా ఇంత సాక్ష్యం ఉందా? ఎక్స్‌టర్నల్ గారు, అంటే బయటి నుంచి వైవాకు వచ్చే ఎగ్జామినర్, ఆ పేజీ తెరిచి "ఈ లైను ఎందుకు ఇలా రాశావు" అని అడిగితే చాలు, పది నిమిషాల్లో తేలిపోతుంది. కాలేజీ గైడ్‌గా ఏ మేడమ్ ఉన్నా మాకు సంతోషమే, కోడు ఆమెకు తెలియకపోయినా ఫర్వాలేదు, నెలకోసారి ఏం చేశామో చెప్తాం. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సు చేస్తే క్రెడిట్లు ఇస్తున్నారు. 2021లో యూజీసీ ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం ద్వారా చేసుకోవచ్చని నిబంధన మార్చింది. బయట నేర్చుకున్నది లెక్కలోకి రాదు అనే మాట అక్కడే పోయింది. కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచీ నడుస్తోంది, స్టైపెండ్ కూడా ఇస్తారు. దానికి సెలెక్ట్ అయిన విద్యార్థిని ఇంటర్న్‌షిప్ లెటర్ కోసం మళ్లీ ఇంకో కంపెనీకి పంపించే కాలేజీ ఉందంటే ఏమనాలి? పైన యూనివర్సిటీ ఒప్పుకోదంటారా, ఒప్పుకోదని రాసిన కాగితం చూపించండి, అప్పుడు వాళ్లనే అడుగుతాం.

4. దయచేసి దీన్ని కంపల్సరీ మాత్రం చేయకండి. ఇది మావాళ్ల మీద నేనే చెప్తున్న ఫిర్యాదు. డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి హాక్టోబర్‌ఫెస్ట్ అని ప్రతి అక్టోబరులో పెడుతుంది, నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు ఇచ్చేవాళ్లు. 2020లో టీషర్టు కోసం జనం ఎగబడి, రీడ్‌మీ ఫైల్లో ఒక మాట చేర్చి, ఒక చుక్క తీసి, వేలకొద్దీ చెత్త పంపించారు. దాన్ని తుడుచుకోలేక ప్రాజెక్టులు నడిపేవాళ్లు లబోదిబోమంటే, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే వర్తిస్తుందని నెల మొదటివారంలోనే రూలు మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు దానికి ఏఐ తోడైంది. నెట్టులో డేటా తెచ్చిపెట్టే కర్ల్ అనే ప్రాజెక్టు నడిపే డానియల్ స్టెన్‌బర్గ్ ఏఐతో రాయించి పంపే దొంగ సెక్యూరిటీ రిపోర్టుల మీద బాహాటంగానే మొత్తుకున్నాడు. రేపు మీరు "ప్రతి విద్యార్థీ సెమిస్టరుకు పది పుల్ రిక్వెస్టులు" అని సర్క్యులర్ ఇచ్చారంటే, ఎల్లుండికి ప్రాజెక్టు సెంటర్లలో పది పుల్ రిక్వెస్టుల ప్యాకేజీ వచ్చేస్తుంది. ఆపైన మన జిల్లా పిల్లలు నిజంగా పని చేసి పంపినా చూడకుండా మూసేస్తారు. ఎన్ని అని లెక్కపెట్టకండి. ఒక్కటి చాలు, అది మెర్జ్ కాకపోయినా ఫర్వాలేదు, దాని చుట్టూ జరిగిన మాటలు చదివి మార్కులేయండి.

5. కోడు రానివాళ్లకు కూడా ఇందులో చోటుంది, తెలుగు వచ్చినవాళ్లకు మరీ ఎక్కువ. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు ఆగిపోయాయి గుర్తుందా, ఆపిల్ హడావుడిగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. అది ఓపెన్ సోర్స్ కాదు కాబట్టి వాళ్లు దిద్దేదాకా మనం చూస్తూ కూర్చున్నాం. మన చేతికి అందే సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మనం చూడకపోతే ఎవరు చూస్తారు? వికీపీడియా నడిచే మీడియావికీ మాటలను ట్రాన్స్‌లేట్‌వికీలో ఎవరైనా తెలుగు చేయొచ్చు, మా ఈసీఈ ఫ్రెండ్ అలాగే మొదలుపెట్టింది. మా నాన్న లాంటి గుమస్తా, ఆక్వా చెరువు దగ్గర మేత లెక్క రాసుకునే మనిషి, డ్వాక్రా పుస్తకం చూసే అక్క, వీళ్లంతా తెలుగులో టైప్ చేసేవాళ్లే. వెతికితే దొరక్కపోతే ఫోన్ పాడైందనుకుంటారు, ఇష్యూ రాయరు. ఆ పక్కనే కూర్చున్న వాళ్ల కూతురో కొడుకో రాయగలరు, రాయొచ్చని వాళ్లకు ఎవరైనా చెప్తే. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్‌కే మొగ్గు చూపాలని కేంద్రం 2015లోనే పాలసీ తెచ్చింది. అవి నడిపే చేతులు ఎక్కడ తయారవ్వాలి మరి?

6. హాస్టల్ అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. రివ్యూ చేసేవాళ్లు ఎక్కువమంది వేరే దేశాల్లో ఉంటారు, జవాబులు మనకు రాత్రి పదికో పదకొండుకో వస్తాయి. మా హాస్టల్లో 9 గంటలకు వైఫై ఆపేస్తారు. అబ్బాయిల హాస్టల్లో ఆపరు. కారణం అడిగితే వార్డెన్ మేడమ్ "రూల్ అమ్మా" అన్నారు. ఆ రూలు తీసేయండి, ఇంతకంటే వివరించేదేం లేదు.

7. ఇది కాలేజీలకు కాదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి నుంచి వెళ్లి హైదరాబాదులో, బెంగళూరులో, డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అన్నలకు, అక్కలకు. సంక్రాంతికి వస్తారు, కాలేజీలో శాలువా కప్పితే గంటసేపు మోటివేషన్ మాట్లాడి పోతారు. ఈసారి శాలువా వద్దనండి. ఒక పూట కూర్చుని మా పుల్ రిక్వెస్టులు చూసి తిట్టండి చాలు. నాకు ఆ తొమ్మిది రోజుల్లో "ఆగమ్మా, వాళ్లకూ పనులుంటాయి, రెండు వారాలయ్యాక మర్యాదగా ఒకసారి గుర్తుచెయ్" అని చెప్పే అక్క ఒక్కరుంటే నిద్రైనా పట్టేది. మీ ఆఫీసు కోడు చూపించక్కర్లేదు, మీ ఉద్యోగానికి ఇబ్బందయ్యే పని ఏదీ అడగడం లేదు.

ఈ లేఖతో పాటు పాత అర్జీ కాపీ, స్టాంపుతో సహా, నోటీసు బోర్డు పక్కన అంటించబోతున్నాం. అనుమతి లేకుండా అంటించారని తీసేస్తారేమో, ముందే చెప్పేస్తున్నా. పదిహేను రోజుల్లో ఏదో ఒక జవాబు, కుదరదు అనైనా సరే, రాతపూర్వకంగా ఇవ్వండి. కుదరదంటే ఎందుకో రాయండి, దాన్ని పట్టుకుని యూనివర్సిటీకి వెళ్తాం.

ఈలోగా మేం ఆగేది లేదు. ఆదివారాలు పొద్దున పదింటికి కావలిలో మా మిద్దె మీద నాలుగు లాప్‌టాప్‌లు, ఏడుగురం. పోయిన వారం ఇద్దరు ఫస్టియర్ పిల్లలు వచ్చారు, ఒకడు గిట్ అంటే ఏంటక్కా అనడిగాడు, సాయంత్రానికి వాడి మొదటి ఇష్యూ రాశాడు. తొమ్మిది రోజులు పట్టొచ్చురా అని చెప్పే పంపాను. నిన్న రాత్రి ఫోన్ చేశాడు, జవాబు వచ్చిందక్కా, టెస్ట్ రాయమంటున్నారు, టెస్ట్ అంటే ఏందక్కా అని.

ఇట్లు,
సీఎస్ఈ ఫైనలియర్ విద్యార్థిని,
కావలి.